ఆ చూపు ఎవరి మీద

గంటలో వచ్చేస్తాం, మీరు చూస్తూ ఉండండి మాస్టారూ అని చెప్పి రంగులాయన నా భార్యని వెంటబెట్టుకుని మెట్లు దిగిపోయాడు. ఫ్రేములు కట్టే దుకాణం రెండు వీధుల అవతల ఉందట, ఆదివారం కూడా తీస్తాడట, ఏ చెక్క అయితే ఈ బొమ్మకి నప్పుతుందో ఆవిడే చెప్పాలట, ఆవిడ కన్ను మంచిదట. పందొమ్మిదేళ్ళ నుంచీ ఆ కన్నుతోనే కాపురం చేస్తున్నాను, మంచిదో కాదో నాకు తెలియదా, కాకపోతే దాన్ని ఎప్పుడూ ఏదీ అడగలేదు, అడగవలసిన అవసరం రాలేదు, ఇంటికి ఏం కావాలో నేను తెస్తాను, ఆవిడ బాగుందంటుంది, అంతే. ఇతను అడిగాడు. అడిగేసరికి ఆవిడ సంచి భుజానికి తగిలించుకుని చెప్పుల్లో కాళ్ళు పెట్టేసింది, వెళ్తూ వెళ్తూ మీరిక్కడే ఉండండి అంది నాతో, నేనేదో పారిపోతానన్నట్టు. పారిపోవడానికి రాలేదు నేను. ఒక మాట చెప్పి పోదామని వచ్చాను. వచ్చే వారం నుంచి మా ఆవిడ రాదండీ. దుకాణానికి తాళం వేస్తూ ఒకసారి, దారిలో రెండుసార్లు, కింద ప్రెస్సు పక్కన మెట్లెక్కుతూ ఇంకోసారి అనుకుని చూసుకున్నాను ఆ మాట, గట్టిగా కాదు, మర్యాదగా, ఈ గుడ్డ చాలదండీ అని గిరాకీకి చెప్పినట్టు. పైకొచ్చి నోరు తెరిచేలోగా ఫ్రేము గొడవ తెచ్చిపెట్టాడు. సరే, గంటే కదా, నాలుగు నెలలు నోరు కుట్టుకుని కూర్చున్నవాణ్ణి, ఇంకో గంట కూర్చోలేనా.

పెద్ద గదే. ఒకప్పుడు కింద ప్రెస్సు వాళ్ళు కాగితం రీములు పడేసుకునేవారట, నేల మీద బరువులు ఈడ్చిన గీతలు ఇంకా ఉన్నాయి. పొడుగాటి కిటికీ, దానికి నేను కుట్టిన కర్టెన్, రెండు పొరల గుడ్డ, గాలికి ఎగరకుండా అడుగు అంచులో గొలుసు పెట్టి కుట్టాను, ఇప్పటికీ తిన్నగా వేలాడుతోంది, ఎవరు కుట్టారనుకున్నారు. గోడ వెంబడి వెనక్కి తిప్పి ఆనించిన బొమ్మలు, ఒకవైపు పాత దుప్పటి కప్పిన ఏదో పొడుగాటి సామాను, బల్ల నిండా నలిగిన రంగు గొట్టాలు, డబ్బాల్లో కుంచెలు, అన్నిటి మీదా టర్పెంటైన్ వాసన. ఈ వాసన నాకు కొత్త కాదు. ఆదివారం సాయంత్రం ఆవిడ నా పక్కనుంచి నడిచినప్పుడల్లా జుట్టులోంచి వచ్చేది, తలంటుకున్నా మంగళవారం దాకా పోదు, సోమవారం పొద్దున్నే ఆవిడ నీలం డ్యూటీ చొక్కా ఇస్త్రీ చేస్తుంటే వేడికి కాలరులోంచి లేచి నా ముక్కుకి కొట్టేది. ఇస్త్రీ నేనే చేస్తాను, ఇంకొకరి చేతికిస్తే కాలరుని చంపేస్తారు. బస్టాండులో టికెట్ల కౌంటరు ఆవిడది, గాజుపలక వెనక కూర్చుంటుంది, కన్నంలోంచి చేతులు వస్తాయి, టికెట్టు తీసుకుని పోతాయి, ఆ చేతులు గలవాళ్ళెవరూ తలెత్తి ఆవిడ మొహం చూడరు. అది నాకు ధైర్యంగా ఉండేది. ఇప్పుడు తప్పుగా వినిపిస్తుంది కానీ నిజం, రోజుకి వెయ్యి మంది ముందు కూర్చునే ఉద్యోగం చేస్తూ కూడా నా భార్యని ఎవరూ చూడటం లేదని నాకు హాయిగా ఉండేది.

బొమ్మ స్టాండు మీద ఉంది. చూడగానే ప్రాణం లేచొచ్చింది, ఎందుకంటే అది మా ఆవిడలా లేదు. మొహం సగం ఆకుపచ్చ, సగం పసుపు, ముక్కు పక్కన పైనుంచి కిందికి ఒక ఎర్రటి చార, కుంచెతో కాదు, కత్తితో పులిమేశాడు, గోటితో గీకితే రాలేంత మందాన ఉంది. ఒక కన్ను పెద్దది, ఒకటి చిన్నది. ఒళ్ళో చేతులు రెండూ ఉండాల్సినదానికి రెట్టింపు. వెనకంతా ముదురు ఊదా. చొక్కా మాత్రం నారింజ రంగు, మండిపోతోంది, అలాంటి చొక్కా మా ఇంట్లో లేదు, నా దుకాణంలో అలాంటి తానే లేదు. నాలుగు నెలలు కూర్చోబెట్టి వేసింది ఇదా అని నవ్వొచ్చింది. ఇన్నేళ్ళలో ఎన్ని సూట్లు కుట్టానో, ఎవడికీ ఒక చెయ్యి పొడుగూ ఒక చెయ్యి పొట్టీ పెట్టి పంపలేదు, పంపితే ఊరుకుంటారా, మరి ఇతన్ని ఎవరూ ఏమీ అనరెందుకో. దీన్ని ఏ గోడకి తగిలించినా ఎవరూ గుర్తుపట్టరు, మా అక్క కూడా పట్టదు, ఇంతోటి దానికి నేను నిద్ర పాడుచేసుకున్నానా అనుకుంటూ కూర్చోవడానికి చోటు కోసం వెనక్కి నడిచాను, పది అడుగులు వేసి తల తిప్పి చూసేసరికి, ఆవిడే. ఎలా అయిందో తెలియదు. ఆకుపచ్చ పోయి చెంప అయింది, ఎర్రచార పోయి ముక్కు నీడ అయింది, ఆ రెండు వేరు వేరు కళ్ళూ కలిసి ఒక చూపయ్యాయి. దగ్గరికి వెళ్తే మళ్ళీ రంగు ముద్దలు. వెనక్కి వస్తే మళ్ళీ ఆవిడ. ముందుకీ వెనక్కీ మూడుసార్లు నడిచాను, ఎవరైనా చూస్తే పిచ్చెక్కిందనుకుందురు.

ఆ చూపు నాకు తెలియదు. ఆవిడ కళ్ళు తెలుసు, కళ్ళ కింద పుట్టుమచ్చ తెలుసు, ఆవులిస్తే పేగులు లెక్కపెట్టగలను, కానీ ఈ చూపు నాకు తెలియదు. గడ్డం కాస్త పైకి ఉంది, పెదవి ఒక కొసన నవ్వబోయి ఆగింది, కళ్ళు మాత్రం ఎంతో కాలంగా రావలసిన మనిషి వచ్చి గుమ్మంలో నిలబడితే చూసినట్టు, కంగారు లేదు, సిగ్గు లేదు, వచ్చావా అన్నట్టు. అదీ నన్ను చూడటం లేదు. బొమ్మ ఎదురుగా ఎక్కడ నిలబడ్డా ఆ చూపు నా భుజం పక్కనుంచి పోయి ఇంకెవరి మీదో ఆగుతోంది. ఎవరి మీద అంటే ఇంకెవరున్నారు ఈ గదిలో. కడుపులో మంట మొదలైంది, నిజం మంటే, మాటవరసకి అనేది కాదు. ఈ చూపు నా మీద ఎప్పుడైనా పడిందా అని వెతకడం మొదలుపెట్టాను, పెళ్ళినాడు పడిందా, లేదు, ఆ రోజు ఆవిడకి జ్వరం, కొత్త మిషను కొన్నరోజు చూసిందే, అది మిషనుని, అమ్మాయి పుట్టినప్పుడు పక్కలో పెట్టుకుని ఒక చూపు చూసింది, దగ్గర దగ్గరగా ఇలాంటిదే, కానీ అందులో అలసట ఉంది, భయం ఉంది, ఆ అమ్మాయి ఇప్పుడు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది, ఫోన్ చేసి నాన్నా నువ్వూ వెళ్ళి చూడరాదూ, అమ్మ బొమ్మ బాగా వచ్చిందట అంటుంది, దానికేం తెలుసు. ఒకసారి వానలో దుకాణం చూరు కింద ఇద్దరం ఇరుక్కుపోయాం, అప్పుడు ఏదో చూసింది, అది నన్నో వాననో గుర్తు లేదు. పందొమ్మిదేళ్ళు గాలించినా ఒక్కటి దొరకలేదు, ఇతనికి పదహారు ఆదివారాల్లో దొరికింది.

కానీ ఒకటి దొరికింది నాకు, వెతగ్గా వెతగ్గా, అప్పుడు ఎంత సంతోషమో చెప్పలేను. భుజాలు. మా ఆవిడ ఎడమ భుజం కుడిదానికన్నా అరంగుళం కిందికి ఉంటుంది. ఈ సంగతి లోకంలో నాకొక్కడికే తెలుసు. మా మేనమామ దుకాణంలో పనిచేసే రోజుల్లో ఆవిడ ఉద్యోగం కొత్తగా వచ్చిందని డ్యూటీ చొక్కా కుట్టించుకోవడానికి వచ్చింది, టేపు నా చేతికిచ్చి మామయ్య బయటికి వెళ్ళాడు, కొలత తప్పు వచ్చిందేమోనని మళ్ళీ పట్టాను, తప్పు కాదు, అరంగుళం తేడా. పుస్తకంలో రాయలేదు. ఎడమవైపు లోపల పలచటి ప్యాడ్ పెట్టి కుట్టాను, తొడుక్కుని చూసుకుంది, భుజాలు సమానంగా నిలబడ్డాయి, ఎప్పుడూ ఏ చొక్కా ఇంత బాగా పట్టలేదు అంది, ఆ మాట మీదే నా పెళ్ళయింది అనుకోవచ్చు. అప్పట్నుంచీ ప్రతి చొక్కాకీ ప్యాడ్ పెడుతూనే ఉన్నాను, ఆవిడకి కూడా చెప్పలేదు, చెబితే బాధపడుతుంది, నా చేతిలో ఉన్నంత కాలం ఆవిడకి ఆ లోటు తెలియనక్కర్లేదు. రంగులాయన దాన్ని కనిపెట్టాడు, ముందు గుండె ఆగినంత పనైంది, నా ప్యాడ్ దాటి ఎలా చూశాడో చూశాడు, కానీ చూడండి, తప్పు వేశాడు. బొమ్మలో కిందికి దిగింది కుడి భుజం. నాలుగు నెలలు కూర్చోబెట్టుకుని చూసి చూసి ఎడమకీ కుడికీ తేడా తెలియలేదు మహానుభావుడికి. గదిలో ఎవరూ లేరు కాబట్టి పైకే నవ్వాను. నీకేం తెలుసయ్యా ఆవిడ సంగతి, రంగులు పూయడమేగా నీకు తెలిసింది, టేపు పట్టావా ఎప్పుడైనా.

ఆ నవ్వు నోట్లో ఉండగానే చొక్కా వైపు చూశాను. పాపిష్టి కళ్ళు, ఎక్కడికి వెళ్ళినా ముందు కుట్లే చూస్తాయి. నారింజ రంగు మధ్యలోంచి నిలువుగా ఒక నల్ల చార దించాడు, పక్కన మూడు చుక్కలు, గుండీలు. ఆ చార గుండీలు దూరే కాజా పట్టీ అంచు. ఏ పట్టీ మీద ఏ పట్టీ కూర్చుందో చెప్పడానికి నాకు ఇంతకన్నా అక్కర్లేదు, మగవాళ్ళ చొక్కాకి కాజాలు ఎడమ వైపు, గుండీలు కుడి వైపు, ఆడవాళ్ళ చొక్కాకి తిరగబడతాయి, నిద్రలో లేపి అడిగినా చెప్తాను. బొమ్మలో పై పట్టీ ఎడమది. అంటే మగవాడి చొక్కా. మా ఆవిడ ఒంటి మీద మగవాడి చొక్కా. నాది కాదు, నాకు నారింజ రంగు చొక్కా లేదు, నేను చచ్చినా వేసుకోను. అయితే ఎవరిది. అందుకేనా నా ప్యాడ్ లేదు, అందుకేనా భుజం దిగింది, అన్నీ ఒకదానికొకటి అతుకుతున్నాయి, కత్తిరించి పెట్టిన ముక్కల్లా. పొద్దుటి డ్యూటీ నుంచి తిన్నగా ఇక్కడికి వస్తుంది, నేను కుట్టిన చొక్కా విప్పుతుంది, ఎక్కడ విప్పుతుంది, నేను కుట్టిన ఆ కర్టెన్ చాటునా, ఇతని చొక్కా తొడుక్కుంటుంది, గంటల తరబడి అలా చూస్తూ కూర్చుంటుంది, మళ్ళీ నా చొక్కా వేసుకుని ఇంటికి వచ్చి టీ పెట్టి, కర్టెన్ అతనికి బాగా నచ్చిందండీ అంటుంది. తలుపు వెనక మేకుకి ఒక చొక్కా వేలాడుతోంది, రంగు మరకలతో. పరిగెత్తినట్టే వెళ్ళాను. రెడీమేడ్, కాలరు పదహారు, చంకలో కుట్టు తప్పింది, జేబు వంకర, ఇంత దరిద్రపు చొక్కా కోసమా. అసలు రంగేమిటో తెలియదు, అంతా మరకలే, అందులో నారింజ కూడా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. టర్పెంటైన్ తప్ప ఇంకేమీ తెలియలేదు. ఆవిడ వాసన లేదు, లేనంత మాత్రాన, ఆవిడ దగ్గరే ఈ వాసన ఉంటుంటే ఇక ఏ వాసన ఎవరిదని చెప్పను. ఒక యాభై ఏళ్ళ మనిషి పరాయివాడి చొక్కా మొహానికి పెట్టుకుని నిలబడ్డాడు, ఇది కూడా చెయ్యవలసి వచ్చింది నాకు.

తప్పు నాదే, పంపింది నేనే. కర్టెన్ కుట్టించుకోవడానికి అతనే దుకాణానికి వచ్చాడు, మెత్తగా మాట్లాడతాడు, ప్రతిదానికీ మీరెలా అంటే అలా అంటాడు, నాకు చేతినిండా పని, నీకు దారిలోనే కదా, ఇచ్చేసి రా అని ఆవిడ చేతికి మూటకట్టి ఇచ్చాను. ఆలస్యంగా వచ్చి, ఆయన నా బొమ్మ వేస్తానంటున్నారండీ, వచ్చి కూర్చోమన్నారు అంది. నీ బొమ్మా అని నవ్వాను. చెడ్డగా నవ్వలేదు, అలవాటుగా నవ్వాను, సూదిలోంచి దారం జారిపోయేంత నవ్వాను. ఆవిడ కూడా నవ్వింది కొంచెం, నా నవ్వు అయిపోయేదాకా. మరుసటి ఆదివారం వెళ్ళింది. వద్దని ఉంటే మానేసేది, నేను వద్దనలేదు, ఒక్క వారంలో అతనికే విసుగెత్తుతుంది అనుకున్నాను, ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ అదే అనుకున్నాను. రెండో నెలలో అక్క వచ్చి, డ్యూటీ ఒంటిగంటకి అయిపోతే నాలుగింటికి ఇల్లు చేరుతుందేమిట్రా అని చెవిన వేసింది. నీకెందుకే అని కసిరాను. కసిరాను గానీ ఆ రోజు నుంచీ ఆదివారం మధ్యాహ్నం ఒక్క కాజా సరిగ్గా కుట్టలేదు. గోడ గడియారం చూడటం, కుట్టింది విప్పడం. ఇంటికి రాగానే మొహం చూసేవాణ్ణి, ఏమైనా మిగిలి ఉంటుందేమోనని. ఏమీ ఉండేది కాదు, కౌంటరులో కూర్చున్నప్పటి మొహమే, ఆ చూపు ఇక్కడే వదిలేసి వచ్చేది కాబోలు.

అసలు ఎక్కడ కూర్చునేదో చూద్దామనిపించింది. ఆవిడ కూర్చున్న చోట కూర్చుంటే ఎదురుగా ఏం కనబడుతుందో తెలుస్తుంది, అతను ఎక్కడ నిలబడేవాడు, ఎంత దూరంలో, ఒక మనిషికీ ఇంకో మనిషికీ మధ్య ఎన్ని అడుగులు ఉంటే అలాంటి చూపు వస్తుంది, ఏమో, కొలవాలనిపించింది, నాకు వేరే ఏం చేతనవును. కుర్చీ గోడ వారన ఉంది, మేం వస్తామని జరిపినట్టున్నాడు. నేల మీద చూస్తే సుద్ద గుర్తులు, కుర్చీ కాళ్ళకి నాలుగు, ఆవిడ పాదాలకి రెండు చుట్లు. ప్రతి వారం అదే చోట, అదే తీరున కూర్చోవాలి కదా, అందుకని గీసి ఉంచాడు. ఎన్ని గుడ్డల మీద ఇలా గీశానో, నేల మీద గీయొచ్చని తోచలేదు. పాదాల చుట్టూ సుద్ద గీయాలంటే వంగాలి, మోకాళ్ళ మీద కూర్చోవాలి, ఆవిడ చెప్పులు విప్పి ఉండాలి. అది కూడా మింగాను. కానీ గుర్తులు ఉండాల్సిన చోట లేవు. స్టాండు ముందు కాదు, స్టాండుకి ఇవతల, పాదాల వేళ్ళు గోడ వైపు. ఆ లెక్కన ఆవిడ వీపు అతని వైపు ఉంటుంది. వీపు పెట్టుకుని కూర్చున్న మనిషి మొహం ఎలా వేశాడు. కుర్చీ తెచ్చి నాలుగు కాళ్ళూ నాలుగు గుర్తుల్లో పెట్టి కూర్చున్నాను. నా పాదాలు ఆ చుట్లలో పట్టలేదు, అంచులు దాటాయి. ఎదురుగా ఆ పాత దుప్పటి కప్పిన పొడుగాటి సామాను, చెయ్యి చాపితే అందేంత దగ్గర. కొస పట్టుకుని లాగాను.

నేను కనబడ్డాను. నిలువుటద్దం. పాత చెక్క చట్రంలో, మూలన పాదరసం కాస్త లేచిపోయిన అద్దం, అందులో కుర్చీ, కుర్చీలో నేను, చేతిలో దుప్పటి, దొంగతనానికి వచ్చి పట్టుబడ్డవాడి మొహం. నా చొక్కా వైపు చూశాను, నా చేత్తో కుట్టుకున్న చొక్కా, అద్దంలో కాజాలు కుడి వైపుకి పోయాయి. అంతే, గుండీలు తిరగబడ్డాయి, నా చొక్కా ఆడవాళ్ళ చొక్కా అయింది, ఆవిడ చొక్కా మగవాడి చొక్కా అయింది, ఎడమ భుజం కుడి భుజం అయింది. అది నేను కుట్టిన నీలం డ్యూటీ చొక్కాయే, రంగు అతని పైత్యం. భుజం తప్పు వేయలేదు, నా ప్యాడ్ ఉండగానే, సరైన భుజమే, సరిగ్గా అరంగుళమే చూశాడు. ఇన్నేళ్ళ పనివాణ్ణి, ట్రయలుకి వచ్చిన గిరాకీని రోజూ అద్దం ముందు నిలబెట్టేవాణ్ణి, నాకు ఈ మాత్రం తట్టలేదు. ఒక్క క్షణం నవ్వొచ్చింది, భారం దిగింది, తర్వాత అనుమానం మళ్ళీ తల ఎత్తింది, అద్దంలోంచి అయితే మాత్రం అతన్ని చూడకూడదా. తల కదపకుండా చూశాను. స్టాండు అద్దంలో కుడి చివర కనబడుతోంది, అతను అక్కడ నిలబడితే అతన్ని చూడటానికి ఆవిడ కళ్ళు ఇటు తిప్పాలి. అతన్ని చూసి ఉంటే బొమ్మలో కళ్ళు చూసేవాళ్ళ మీద పడాలి. పడటం లేదు, నేను మూడుసార్లు నడిచి చూశాను, పక్కనుంచి పోతున్నాయి. ఆ పక్కన ఉన్నది ఈ కుర్చీ. ఈ కుర్చీలో కూర్చున్న మనిషినే ఆ చూపు చూస్తోంది. ఎంతో కాలంగా రావలసిన మనిషి వచ్చినట్టు, వచ్చావా అన్నట్టు ఆవిడ చూసింది ఆవిడనే.

ఇక్కడితో మంట ఆరిపోవాలి కదా. ఆరలేదు. ఇంకా లోపలికి పోయింది. రంగులాయన అయితే ఒక మాట అనొచ్చు, మెట్లు దిగి వెళ్ళిపోవచ్చు, ఆవిణ్ణి వెళ్ళొద్దనొచ్చు, ఇప్పుడు ఎవర్ని అనను. ఆవిడకీ ఆవిడకీ మధ్య జరిగిన సంగతి ఇది, అందులో నేను లేను, నాలుగు నెలలు ప్రతి ఆదివారం ఆవిడ ఇక్కడికి వచ్చింది ఆ మనిషిని చూడటానికి. మా ఇంట్లో అద్దం లేదా అంటే ఉంది, అరచేయంత, నేను గడ్డం గీసుకునే ఎత్తులో మేకుకి ఉంది, ఆవిడకి నుదురు మాత్రం కనబడుతుంది, అమ్మాయి ఎప్పుడూ గొడవ చేసేది. దుకాణంలో ఇంతకన్నా మంచి నిలువుటద్దం ఉంది. ఎప్పుడో, ఆరేడేళ్ళ కిందట, అన్నం క్యారేజీ తెచ్చి ఇచ్చి ఆవిడ దాని ముందు ఆగింది, కాలరు సర్దుకుంటూ నిలబడిపోయింది, కాస్త పక్కకి జరుగు, గిరాకీ చూసుకోవాలి అన్నాను. జరిగింది. మళ్ళీ ఎప్పుడూ నిలబడలేదు, నేనూ గమనించలేదు, ఇప్పుడు ఈ కుర్చీలో కూర్చుంటే గానీ గుర్తు రాలేదు. ఆ రోజు ఆ గిరాకీ ఎవరో కూడా జ్ఞాపకం లేదు.

మెట్ల మీద చప్పుడైంది, ముందు ఆవిడ గొంతు, తర్వాత అతని నవ్వు. లేచేలోగా వచ్చేశారు, చెక్కముక్క ఒకటి ఆవిడ చేతిలో ఉంది, నల్లది వద్దన్నాను, ఇది చూడండి, బాగుంది కదూ అంటూ వచ్చినది నన్నూ, నా చేతిలో దుప్పటినీ చూసి ఆగింది. రంగులాయన మాత్రం నొచ్చుకోలేదు. మొదటి రెండు వారాలూ తను ఎదురుగా నిలబడి వేశాడట, ఒక్కటీ నిలవలేదట, ఎంతసేపు కూర్చోబెట్టినా ఎక్కడికి టికెట్టు కావాలి అన్నట్టే ఉండేదట మొహం. మూడో వారం పక్కింటివాళ్ళు పారేస్తున్న అద్దం తెచ్చి ఎదురుగా పెట్టి, తను వెనక్కి పోయి నిలబడ్డాడట. అతను చెప్పడం అయ్యాక ఆవిడ నన్ను చూసి, నా భుజం ఒకటి కిందికి ఉందట కదండీ, నాకు ఇన్నేళ్ళకి తెలిసింది, మీకు తెలిసే ఉంటుంది, ఎప్పుడూ చెప్పలేదేం అంది. తెలుసన్నట్టు తల ఊపాను. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు, బాగానే ఉంది కదా అలా ఉన్నా అంది.

ఎలా ఉంది బొమ్మ అని రంగులాయన అడిగాడు. నేను చెప్పేలోగా అతనే, ఇక పని అయిపోయింది మాస్టారూ, వచ్చే వారం నుంచి ఆవిడ రానక్కర్లేదు, మీ ఆదివారాలు మీకు ఇచ్చేస్తున్నాను అన్నాడు. నేను చెప్పాలని మోసుకొచ్చిన మాట అతని నోటినుంచి వచ్చేసింది, నాకు చెప్పే శ్రమ కూడా లేకుండా. ఆవిడకి అది ముందే తెలుసు కాబోలు. చెక్కముక్క బల్ల మీద పెట్టి, నా చేతిలోంచి దుప్పటి తీసుకుని అద్దం మీద కప్పడానికి వెళ్ళింది, కప్పబోతూ ఒక్కసారి చూసుకుంది, ఆ ఒక్కసారీ ఆ చూపు నేను పక్కనుంచి నా కళ్ళతో చూశాను, రంగుల్లో కాదు, మొహం మీద, ఉన్నది ఉన్నట్టుగా. దుప్పటి కిందికి దిగింది. ఆవిడ ఇటు తిరిగేసరికి కౌంటరు మొహం వచ్చేసింది, పదండి వెళ్దాం అంది. ఇంటికి తీసుకెళ్తున్నది ఈ మొహాన్ని, ఆ మొహం ఇక్కడే ఉండిపోతుంది, ఫ్రేములో పెట్టి ఎవరికో ఇచ్చేస్తారు.

"ఇంకోటి వెయ్యండి," అన్నాను.

రంగులాయనకి అర్థం కాలేదు. "ఎవర్ని, మిమ్మల్నా?" అన్నాడు.

"నన్నెందుకండీ. ఆవిణ్ణే. ఆవిడకి ఇష్టమైతే."

ఆవిడ నా వైపు చూసింది, నిజంగా అంటున్నానా, వెటకారమా అని. నాలుగు నెలల కిందటి నా నవ్వు ఆవిడకి గుర్తుందని అప్పుడు తెలిసింది. నవ్వడం లేదని చూసుకున్నాక, నాకిష్టమే అంది మెల్లిగా, అతనితో కాదు, నాతో. రంగులాయన సరేనన్నాడు, సంతోషంగానే అన్నాడు, కానీ నాకు ఆశ పుట్టింది, ఆశ పుడితే నేను ఆగను.

"నేనూ వస్తాను. దుకాణం కట్టేసి వస్తాను. ఆ కిటికీ దగ్గర కూర్చుంటాను, మాట్లాడను, ఊరికే చూస్తాను."

ఆవిడ దగ్గరికి వచ్చింది. నా చొక్కా మీద దుప్పటి నుంచి రాలిన దుమ్ము ఉంటే చేత్తో దులిపింది.

"మీరుంటే ఆ మొహం రాదండీ," అంది.

కోపం లేదు ఆ గొంతులో, నన్ను సాధించాలనీ లేదు. రాదెందుకు అని అడగొచ్చు, నేనేం చేశానని అడగొచ్చు, పందొమ్మిదేళ్ళ మొగుణ్ణి, అడిగే హక్కు ఉంది, అడిగితే చెప్తుంది కూడా. రంగులాయన ఎటో చూస్తూ కుంచెలు సర్దుతున్నాడు, అతను ఉండొచ్చు ఈ గదిలో, నేను ఉండకూడదు. కడుపు ఇంకా మండుతూనే ఉంది.

"అయితే నేను రాన్లే," అన్నాను. "నువ్వు వెళ్ళు."